లీటరున్నర ఇంజనూ మా బావగారి నోరూ

పాడేరు ఘాట్ ఎక్కొచ్చిన వాళ్ళు మీకు మబ్బుల గురించి చెబుతారు, కాఫీ తోటల గురించి చెబుతారు. నన్ను మాత్రం అవి అడక్కండి. ఎండు చేపల బుట్టలు జారిపోతున్నాయేమోనని అద్దంలో వెనక్కి చూసుకుంటూ, పక్కన మా బావగారి ఉపన్యాసం వింటూ ఎక్కినదాన్ని. మబ్బులు ఉండే ఉంటాయి. ఆయన నోరు దాటి అవతల ఏముందో నాకు కనబడలేదు.

కంచరపాలెం

మా పుట్టింటివాళ్ళు గోదావరి వైపు నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి విశాఖలో స్థిరపడ్డవాళ్ళు. పెళ్ళయి కంచరపాలెం వచ్చాక ఆర్నెల్లకి చేపల వాసన అలవాటైంది. బావగారి నోరు ఇప్పటికీ కాలేదు. ఆయన మా ఆయనకి అన్న, పేరు అప్పలరాజు. ఇరవై ఏళ్ళ బట్టి ఘాట్ మీద బండి తోలుతున్నాడు కాబట్టి ఆ కొండలు తనే పేర్చి పెట్టినట్టు మాట్లాడతాడు.

వ్యాపారం మా అత్తయ్యది. అప్పలనరసమ్మ అంటే హార్బరులో తెలియనివాళ్ళు లేరు. నెత్తళ్ళు, సావిడాయిలు లాంటి ఎండు చేపలు, ఎండు రొయ్యలు కొని, వారం వారం పాడేరు అవతల ఒక కొండ సంతకి తీసుకెళ్ళి అమ్ముతుంది. ఆ సంతలో ఆవిడ చోటు బోరింగుకి ఎదురుగా, ఉప్పు అమ్మే ఆయన పక్కన. నీళ్ళకొచ్చిన ప్రతి మనిషీ ఆ బుట్టల మీదుగా చూపు పోనిచ్చి వెళ్ళాల్సిందే. అంత మంచి చోటు.

చోటుకి కాగితమేమీ ఉండదు. అక్కడి ఆచారం ఒకటే. వరసగా రెండు సంతలు రాకపోతే ఊరుకుంటారు. మూడో సంతకి కూడా రాకపోతే ఎవడైనా వచ్చి గోనె పరుచుకోవచ్చు. వాడి బోణీ అయ్యేలోపు పాతవాళ్ళు వస్తే వాడు గోనె ఎత్తాలి. బోణీ అయిపోయిందా, ఇక ఆ చోటు వాడిది. దేవుడొచ్చి చెప్పినా మారదు.

మేం అప్పటికే రెండు సంతలు తప్పాం. పాత బండి కూర్చుండిపోయింది. రెండున్నర లీటర్ల ఇంజను, ఏనుగు చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే అని బావగారు మీసం తిప్పేవాడు. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి ఏనుగు కాదు, దున్న కూడా కాదన్నాడు. కిరాయి బళ్ళవాళ్ళు ఎండు చేపలంటే ముక్కు మూసుకుంటారు, సంతకి వెళ్ళే మట్టిదారి పేరు చెబితే రెండు చేతులూ జోడిస్తారు. అత్తయ్య అన్నం సరిగ్గా తినడం మానేసింది. ఇంకెవరో తన చోట్లో కూర్చుంటారన్న మాట ఆవిడ నోటితో అనలేదు కానీ, పొద్దున్నే లేచి ఖాళీ తక్కెడ తుడుచుకుంటూ కూర్చునేది.

అందుకని కొత్త బండి నేనే చూసి, నేనే బేరమాడి తెచ్చాను. ఊళ్ళో హార్బరు నుంచి సరుకు తెచ్చే ట్రాలీ ఆటో అయిదారేళ్ళుగా నేనే తోలుతున్నాను, లైసెన్సు నాకూ ఉంది. ఈ బండి పికప్పే, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది, మట్టిదారులకనే చేసింది. ఇంజను మాత్రం లీటరున్నర.

షోరూములో కుర్రాడు నున్నగా దువ్వుకుని, "పిట్ట కొంచెం కూత ఘనం మేడమ్" అన్నాడు. కొండంటే ఊళ్ళో సముద్రం ఒడ్డునున్న రుషికొండే అనుకునే రకం. ఫోను చార్జింగు ఎక్కడ పెట్టుకోవాలో అరగంట చెప్పాడు, రంగుల గురించి ఇంకో అరగంట. గేరు పక్కన ఉన్న చిన్న లివరేంటని నేను అడిగితే గానీ దాని సంగతి ఎత్తలేదు. అది లాగితే నాలుగు చక్రాలూ తిరుగుతాయి, బండి నత్తలా నడుస్తుంది కానీ లాగుడు రెట్టింపవుతుంది. మట్టిదారికి పనికొచ్చేది మొత్తం బండిలో అదొక్కటే. దాన్ని చిట్టచివర, వడ్డనలో మర్చిపోయిన ఉప్పులా చెప్పాడు.

ఇంటికి తెచ్చేసరికి బావగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి బానెట్టు మీద వేలితో కొట్టాడు.

"లీటరున్నరా? మా ఇంట్లో మంచినీళ్ళ బాటిలే రెండు లీటర్లుంటాది. దీంతో ఘాట్ ఎక్కుతావేటి?"

"బండి కొండెక్కడానికి తెచ్చాను బావగారూ, నీళ్ళు పట్టడానికి కాదు."

"నీకేటి తెలుస్తాదమ్మా. ఘాట్ రోడ్డు ట్రాలీ ఆటో కాదు. నాను తోల్తాను, నువ్వు పక్కన కూకో."

మా ఆయన పోర్టులో క్రేను మీద ఉద్యోగం. వంద టన్నులు ఎత్తి దించుతాడు గానీ అన్న ముందు ఒక మాట ఎత్తలేడు. "అన్నయ్య సెప్పినట్టు సెయ్యి, ఎందుకు గొడవ" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

బుట్టలు ఎక్కించడం అయ్యాక చూస్తే వెనక చక్రాల మీద ఎనిమిది ఉప్పు బస్తాలు. ఎవరివని అడిగాను.

"మనయే. సంతలో అమ్మీయొచ్చు. అసలు సంగతి అది కాదు. ఇంజను సిన్నదైతే బండి తేలిపోద్ది. బరువుంటేనే టైరు నేలని కరుసుకుంటాది. ఇవి మీకు పుస్తకాల్లో దొరకవు."

నిజమే, ఇలాంటివి ఏ పుస్తకంలోనూ దొరకవు. లాగలేదని ఎద్దుని తిట్టి, దాని మీదే ఇంకో బస్తా వేసే తెలివి మనవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది.

మాడుగుల

చోడవరం దాటి మాడుగులలో ఆగాం. హల్వా కొనకుండా ఈ ఊరు దాటితే పాపమట. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, పులియబెట్టి, నెయ్యిలో గంటల తరబడి తిప్పుతారు. మా గోదావరి వైపు పూతరేకు నోట్లో పెడితే మాయమైపోతుంది, ఇది మాత్రం పంటికి కాసేపు పని చెప్పి, నెమ్మదిగా కరుగుతుంది. ఒప్పుకోవాలి, బాగుంది. ధర చెబితే మీరు చదవడం ఆపేస్తారు. పావుకిలో కొన్నాను. అత్తయ్య పొట్లం చేతిలో పట్టుకుని బరువు చూసి, "ఈ డబ్బుకి రెండు కేజీల నెత్తళ్ళొస్తాయి" అని నిట్టూర్చింది. తర్వాత సగం తనే తినేసింది.

కొట్టాయన బయటికొచ్చి ముక్కు మీద తువ్వాలు పెట్టుకుని, బండి కాస్త ముందుకి తియ్యమన్నాడు. హల్వాకి చేపల వాసన పట్టేస్తుందట. బండి తియ్యకుండా బావగారు ఆయనకి ఇంజను కథ మొదలెట్టాడు. "లీటరున్నరండి. మా మరదలు కొన్నాది. నవ్వకండి." ఆయన నవ్వలేదు, తుమ్మాడు.

ఘాట్

ఘాట్ మొదట్లో అమ్మవారి గుడి దగ్గర డ్రైవర్లందరూ కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఎక్కుతారు. మామూలుగా ఒక కాయ. బావగారు రెండు కొట్టాడు. ఒకటి మాకు, ఒకటి ఇంజను చిన్నదైనందుకు.

చిన్న ఇంజను గురించి నిజం చెప్పాలంటే, అది పాత బండిలా కింద నుంచే లాగదు. మలుపులో వేగం తగ్గితే కాసేపు ఆలోచించుకుంటుంది, సన్నగా ఈల వేస్తుంది, అప్పుడు అందుకుంటుంది. రెండో గేరులో దాని దారిన దాన్ని పోనిస్తే బుద్ధిగానే ఎక్కుతుంది. మా బావగారికి గేరు తగ్గించడమంటే పరువు తగ్గించుకోవడం. మూడో గేరులోనే తొక్కీ తొక్కీ, అది ఊపిరాడక గింజుకుంటుంటే, "సూసినావా? సూసినావా?" అని నా వైపు తిరగడం. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఈయన్ని చూసే పుట్టించి ఉంటారు. ఆర్టీసీ బస్సు కూడా మమ్మల్ని దాటిపోయింది. కిటికీలోంచి ఒక ముసలాయన జాలిగా చూశాడు.

వేడి చూపించే ముల్లు పైకి పాకుతుంటే వ్యూపాయింట్ దగ్గర టీకి ఆపించాను. అక్కడ పర్యాటకుల కోసం బొంగు చికెన్ అమ్ముతున్నారు. కొండమీద వెదురులో ఊళ్ళోంచి తెచ్చిన ఫారం కోడిని కుక్కి, అడవి రుచి అంటారు. మనవాళ్ళు లొట్టలేసుకుంటూ ఫోటోలు దిగుతారు. టీ మాత్రం చిక్కగా బాగుంది.

పక్కనే ఒక తెల్ల పికప్పు ఆగి ఉంది. మాదానికి రెండింతలు. నెత్తి మీద గుడారం, వెనక నిచ్చెన, ఒళ్ళంతా స్టిక్కర్లు. రుషికొండ ఐటీ కుర్రాళ్ళు ఇద్దరు. సామాన్ల తొట్టిలో ఒక గిటారు, రెండు దిళ్ళు తప్ప ఏమీ లేవు. అంత తొట్టి దిళ్ళ కోసం కొన్నారు.

"ఆంటీ, ఇది ఎంత సీసీ?" అన్నాడు ఒకడు. చెప్పాను. వాడు రెండోవాడిని చూసి పెదవి విరిచాడు. "ఆఫ్‌రోడ్‌కి పవర్ సరిపోదు ఆంటీ. మినిమమ్ మాదంత, మూడు లీటర్లు ఉండాలి."

బావగారికి తప్పిపోయిన తమ్ముళ్ళు దొరికినట్టయింది. వాళ్ళ బానెట్టు తీయించి లోపలికి వంగి, పసిపిల్లని చూసినట్టు చూశాడు. "ఇదీ ఇంజనంటే!" అని అరిచాడు. మేం ఏ దారిన వెళ్తున్నామో చెప్పి, "మీరూ రండి బాబూ, అసలైన మట్టి సూద్దురుగాని" అని పిలిచాడు కూడా.

ఆ సాయంత్రం పాడేరులో అత్తయ్యకి తెలిసినవాళ్ళ అరుగు మీద బస. వాళ్ళు చోడంబలి, అదే రాగి అంబలి, పోశారు, నంజుకి మా నెత్తళ్ళే వేయించారు. మా పుట్టింట్లో చోళ్ళంటే షుగరు వచ్చినవాళ్ళ మందు. ఇక్కడ చెంబుడు తాగి గంటల తరబడి కొండలెక్కుతారు. నేనూ చెంబుడు తాగాను, కొండ మాత్రం ఎక్కలేకపోయాను.

గెడ్డ

పొద్దున్నే తారురోడ్డు వదిలి మట్టిదారి పట్టాం. సంతకి వెళ్ళే కొండ ఆడవాళ్ళు ఏడెనిమిది మంది చెయ్యి ఎత్తారు. ఈ దారిలో వెళ్ళే బండి ఏదైనా సరే ఆగి ఎక్కించుకోవాలి, అది ఇక్కడి మర్యాద. అల్లం బుట్టలతో ఎక్కి, మా బుట్టల మధ్య సర్దుకుని కూర్చున్నారు. వెనక నుంచి రుషికొండ వాళ్ళూ పాటలు పెట్టుకుని వస్తున్నారు.

సంతకి కోసెడు దూరంలో గెడ్డ, అంటే కొండవాగు. ముందురోజు పైన వాన పడిందేమో, సగం చక్రం లోతున ఎర్రగా పారుతోంది. అవతల గట్టు నిటారుగా, బురదగా ఉంది.

"బావగారూ, మనుషుల్ని దించి, ఆ చిన్న లివరు లాగి, నెమ్మదిగా పోనివ్వండి" అన్నాను.

"ఆ లివరు సిన్న పిల్లల ఆటమ్మా. ఇరవయ్యేళ్ళు రెండు సక్రాల మీదే దాటినాను ఈ గెడ్డ. ఊపు మీద ఎల్లిపోవాలి."

"అప్పుడు ఈ ఉప్పు లేదు."

"ఉప్పుండబట్టే ఇప్పుడు ఇంకా బేగి దాటుద్ది, సూడు."

బండి వెనక్కి తీసి, పందెం కోడిలా ఒక్క ఉరుకున దింపాడు. నీళ్ళు అద్దం మీదుగా లేచాయి. వెనక ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. సగం దాటాం, ముందు చక్రాలు గట్టు మీదికి ఎక్కబోయాయి, అంతే. ఎనిమిది బస్తాలూ కలిసి వెనక్కి లాగాయి. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి. ఇంకా తొక్కాడు. ఇంకా దిగింది. అప్పుడు, బండి ఇరుసుదాకా కూరుకున్నాక, ఆ చిన్న లివరు లాగాడు. శవానికి ఇంజక్షను ఇచ్చినట్టు.

"నాను సెప్పినానా నేదా? ఇంజను సాల్లేదు!" అన్నాడు దిగి.

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి కోసం కాదు. అత్తయ్య మొహం చూశాను. దూరంగా సంత డప్పు వినిపిస్తోంది. ఆవిడ చెవి అటే ఉంది.

ఇంతలో రుషికొండ బండి హారను కొట్టింది. "అంకుల్, మేం పక్క నుంచి దాటి, తాడేసి లాగుతాం" అన్నారు. వాళ్ళ ఇంజను పులిలా గర్జించింది. ఆ బరువుకి బురద అంతకంటే ఆప్యాయంగా నోరు తెరిచింది. మా పక్కనే, మా కంటే జానెడు ఎక్కువ లోతున ఆగిపోయింది. తలుపు తీస్తే నీళ్ళు లోపలికొచ్చి, రాత్రి సీట్లోకి తెచ్చుకున్న ఒక దిండు తేలింది.

ఇక మొదలైంది సభ. టార్కు అన్నాడు ఒకడు. టైరు అన్నాడు ఇంకొకడు. "ఇంకో అర లీటరుంటే ఎల్లిపోదునండి" అన్నాడు బావగారు, మూడు లీటర్ల బండి పక్కనే మునిగి ఉండగా. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ముగ్గురూ ఇంజన్ల గురించి వాదించుకుంటున్నారు.

అత్తయ్య చీర కచ్చ పోసుకుంది. తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, నెత్తళ్ళ బుట్ట ఎత్తుకుంది.

"ఇంజన్లని ఇక్కడ మాటాడుకోనీ. మనం పదండే" అంది. కొండ ఆడవాళ్ళ వైపు తిరిగి, "తలా ఒక బుట్ట పట్టండమ్మా. గుప్పెడేసి నెత్తళ్ళు మీయి" అంది.

వాళ్ళు నీళ్ళలోకి దిగారు. అల్లం చంకనెత్తుకుని, చేపలు నెత్తిన పెట్టుకున్నారు. నేను తక్కెడా రాళ్ళూ పట్టుకుని వెనక పరిగెత్తాను. గట్టెక్కుతూ ఒకసారి జారి పడ్డాను, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఎవరూ ఆగలేదు. అత్తయ్య అయితే వెనక్కి కూడా చూడలేదు.

సంత

బోరింగు ఎదురుగా నీలం గోనె పరిచి ఉంది. దాని మీద ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, దువ్వెనలు. మైదానం నుంచి వచ్చిన ఒక బొద్దాయన కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు. ఒక కొండావిడ చేతిలో ఎర్ర మగ్గు ఉంది. చేతిలో నోటు కూడా ఉంది.

అత్తయ్య అడుగు ఆగిపోయింది. పక్కనున్న ఉప్పాయన మమ్మల్ని చూసి, మెడ కొంచెం అడ్డంగా ఊపాడు. బోణీ అవలేదు, ఇంకా అవలేదు అని.

"ముప్పై," అంటోంది ఆవిడ.

"ముప్పై అయిదు. రూపాయి తగ్గను. ఇష్టమైతే తీసుకో, నేకపోతే ఎల్లు" అన్నాడు బొద్దాయన.

ఆవిడ మగ్గు తిప్పి చూసింది, లోపల వేలితో తట్టింది. అయిదు రూపాయల దగ్గర ఇద్దరూ బిగుసుకున్నారు. ఈ లోపల అత్తయ్య బుట్ట తీసుకెళ్ళి, సరిగ్గా అతని కుర్చీ ముందు, గోనె అంచు మీద దింపింది. మూత తీసింది. వాసన గుప్పుమంది. మగ్గావిడ ముక్కు ఎగబీల్చి తల తిప్పింది.

"ఓలమ్మా, వచ్చినావా! రెండు వారాలుగా ఇంట్లో పులుసే నేదు" అని మగ్గు కింద పెట్టేసి, ఆ నోటే అత్తయ్య చేతిలో పెట్టింది.

బొద్దాయన లేచి గోల చేశాడు. ఇదేం న్యాయమన్నాడు, తెల్లారకముందే వచ్చానన్నాడు. ఉప్పాయన దోసిలితో ఉప్పు కొలుస్తూనే, "బోణీ అయినాదా?" అని అడిగాడు. అయిదు రూపాయలు తగ్గని మొనగాడు బకెట్లన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చుకుని, గోనె మడిచి, సంత చివరికి, మేకలు కట్టేసే చోటికి వెళ్ళాడు. నాకు జాలి కలగలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా సంతోషం వేసింది.

అత్తయ్య కూర్చుంది. తక్కెడ ఎత్తి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, "కారం గాలి" అంది. అక్కడ మిరపకాయలు అమ్మేవాళ్ళెవరూ లేరు.

తాళం

మధ్యాహ్నం దాటాక, సరుకు దాదాపు అయిపోయాక, బావగారు బండితో వచ్చాడు. నడుందాకా బురద. పొలంలో దున్నుకుంటున్న ఆయన ఎడ్లజత తెచ్చి లాగాడట. ఉప్పు బస్తాలు నీళ్ళు తాగి సగానికి కరిగిపోతే, మిగతావి అక్కడే గట్టు మీద దించేశాడట. బరువు దిగాక బండి చక్కగా గట్టెక్కేసిందని మాత్రం మాటల మధ్యలో, మూడోసారి నేను గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు.

"ఇది తిరిగిచ్చీయాలమ్మా. నాను ముందే సెప్పినాను, ఇంజను సరిపోదు" అన్నాడు అత్తయ్యతో.

అత్తయ్య తక్కెడలో పొట్టు దులుపుతూ తలెత్తింది.

"ఇంజను సరిపోద్దిరా. నువ్వే ఎక్కువైపోనావు. తాళం కోడలికియ్యి."

సంతలో అంతమంది ముందు. ఉప్పాయన కూడా కొలవడం ఆపేశాడు. బావగారు తాళం నా చేతికి ఇవ్వలేదు. బోరింగు గట్టు మీద పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. నేను వెళ్ళి తీసుకున్నాను.

తిరుగు దారి

ఖాళీ బండి ఎవడైనా దాటిస్తాడు, అందులో గొప్పేం లేదు. అందుకని ఆరు బస్తాల అల్లం కొని వేసుకున్నాం, కంపెనీవాడు మొయ్యొచ్చన్న బరువు లోపలే. గెడ్డ దగ్గర చిన్న లివరు ముందే లాగి, మొదటి గేరులో పెట్టి, నా కాలు కూడా పెద్దగా నొక్కకుండా దింపాను. నీళ్ళలో బండి గేదెలా నింపాదిగా నడిచింది. ఇవతలి గట్టు దగ్గర ఒకసారి మూలిగింది, ఈల వేసింది, ఎక్కేసింది. చిన్న ఇంజను కొండదారికి పనికొస్తుందా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే. పనికొస్తుంది. మోసేది ఎంతో, తొక్కేది ఎవరో చూసుకోండి. పందాలు ఆడేవాళ్ళు మాత్రం ఎంత పెద్దది కొన్నా గెడ్డలోనే ఉంటారు.

ఉన్నారు కూడా. ఎడ్లాయన ఆ తెల్ల ఏనుగుని లాగనన్నాడట, ట్రాక్టరు కోసం ఎదురుచూస్తున్నారు. రుషికొండ కుర్రాళ్ళు గుండు రాయి మీద కూర్చుని దిళ్ళు ఆరబెట్టుకుంటున్నారు.

వచ్చేటప్పుడు ముందు ముగ్గురం ఇరుక్కున్నాం, ఇప్పుడు పక్క సీటంతా అత్తయ్యది, కాబట్టి బావగారు వెనక అల్లం బస్తాల మీద కూర్చున్నాడు. కంచరపాలెం నుంచి ఇక్కడిదాకా ఈ బండిని తిట్టినవాడు, ఆ కుర్రాళ్ళని చూడగానే లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ అరిచాడు.

"లీటరున్నరే బాబూ! మా ఇంటి బండి! సూసినారా దాని లాగుడు!"

అత్తయ్య నుదురు కొట్టుకుంది. "ఒలే పిల్లా, బండాపు. ఆడిని ఇక్కడే దించీద్దాం."

"ఉండనివ్వండి అత్తయ్యా" అన్నాను గేరు మారుస్తూ. "ఇప్పుడాయన బరువేమీ లేడు."